రొమ్ములో గడ్డ: మర్దన, మంత్రం, పరీక్ష

చైనా సంప్రదాయ వైద్యంలో మర్దనను తుయినా అంటారు. తుయి అంటే తోయడం, నా అంటే పట్టుకోవడం. ఒంట్లో ‘చీ’ అనే ప్రాణశక్తి నాడుల వెంట పారుతుందనీ, కోపతాపాల వల్ల కాలేయనాడిలో అది నిలిచిపోతే రొమ్ములో గడ్డలు కడతాయనీ, ఒత్తి తోస్తే అడ్డు తొలగుతుందనీ ఆ వైద్యం చెబుతుంది. చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ‘చీ’ మాట వినబడదు. కానీ బాలింతకు రొమ్ము గట్టిపడితే దిష్టి తగిలిందనే మాట వినబడుతుంది. పేర్లు వేరైనా తర్కం ఒకటే: కంటికి కనబడనిదేదో అడ్డుపడింది, చెయ్యి తిరిగినవాళ్లు దాన్ని తీసేస్తారు.

దిష్టి తీసేటప్పుడు ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టి మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేస్తారు. ఘాటు రాకపోతే గట్టి దిష్టే అంటారు. కాన్పయిన రెండు మూడు రోజులకు పాలు పడే వేళ రొమ్ములు బిగుసుకోవడం సహజం. బిడ్డ తాగేకొద్దీ ఒకటి రెండు రోజుల్లో ఆ బిగువు తగ్గుతుంది. తగ్గించింది బిడ్డ, పేరు మిరపకాయలది.

నాటువైద్యంపై ఈ ప్రాంతంలో ఉన్న నమ్మకానికి పుత్తూరు కట్టు పెద్ద దన్ను. విరిగిన ఎముకలకు ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురుబద్దలతో వేసే ఆ కట్టు కోసం ఇతర రాష్ట్రాల నుంచీ వస్తారు. కదలకుండా ఉంచితే చాలా ఎముకలు వాటంతటవే అతుక్కుంటాయి. వెదురుబద్ద చేసే పని అదే. రొమ్ములో గడ్డ తీరు వేరు. పిసికినా, పసరు పూసినా క్యాన్సర్ గడ్డ కరగదు. ఎముక అతికిన చోట సంపాదించిన పేరును గడ్డ దగ్గర వాడుకోవడం కుదరదు.

పాతది గనుక కొట్టిపారేయడం కూడా హేతువాదం కాదు. పాలు ఆపాల్సి వచ్చినప్పుడు రొమ్ములకు మల్లెపూలు కట్టడం దక్షిణాదిలో పాత ఆచారం. చిత్తూరుకు కూతవేటు దూరంలోని వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు దీన్ని పరీక్షకు పెట్టి, 1988లో ఫలితం ప్రచురించారు. కొందరు బాలింతలకు మల్లెపూలు కట్టారు, కొందరికి బ్రోమోక్రిప్టిన్ మాత్రలిచ్చారు. పాలను ఊరించే ప్రొలాక్టిన్ రెండు జట్లలోనూ తగ్గింది. మాత్రలతో ఎక్కువే తగ్గినా, రొమ్ము బిగువు, పాలు తగ్గించడంలో పూలు మాత్రలకు తీసిపోలేదు. ఆచారానికి ఇంతకన్నా మర్యాదైన పరీక్ష లేదు.

అలాంటి పరీక్షలో మర్దన కొంత నెగ్గుతుంది, కొంత ఓడుతుంది. మెత్తగా ఒత్తితే ఒళ్లు తేలికపడుతుంది, ఆందోళన తగ్గుతుంది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత చెయ్యి వాచినవారికి ఫిజియోథెరపిస్టులు చర్మాన్ని సుతారంగా నిమిరి నీరు దిగేలా చేస్తారు. 1930లలో డెన్మార్క్‌కు చెందిన ఎమిల్ వోడర్ రూపొందించిన పద్ధతి ఇది. పాలగడ్డను గట్టిగా పిసికితే మాత్రం లోపలి కణజాలం నలిగి వాపు పెరుగుతుంది. అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ 2022లో ఈ గట్టి మర్దన వద్దనీ, చల్లటి కాపడం, నొప్పి తగ్గించే మందులు మేలనీ సూచించింది. చీము పడితే సూదితోనో కోతతోనో తీయాల్సిందే.

అసలు ప్రమాదం కాలయాపన. రొమ్ములో గడ్డలు చాలామటుకు క్యాన్సర్‌వి కావు. కానీ ఏది అవునో, ఏది కాదో చేతి స్పర్శ తేల్చలేదు. స్కానింగు, సూదిపరీక్ష తేలుస్తాయి. క్యాన్సర్ గడ్డ మొదట్లో తరచూ నొప్పి పుట్టించదు. ‘నొప్పి లేదు గదా’ అని ఊరుకునేది అందుకే. మగ డాక్టరు ముందు రవిక విప్పడానికి సిగ్గుపడే ఆడవాళ్లకు ఇంటికొచ్చి రాసే మంత్రసాని చెయ్యి దగ్గరవుతుంది. ఈ సిగ్గును ఎగతాళి చేస్తే పోదు, ఆడ డాక్టరు ఉంటే పోతుంది. 2022లో దేశంలో సుమారు 1.92 లక్షల మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందనీ, 98 వేల మంది చనిపోయారనీ అంతర్జాతీయ అంచనా. అమెరికా లెక్కల్లో, జబ్బు రొమ్ము దాటకముందే పట్టుబడితే అయిదేళ్లు దాటి బతికేవారు 99 శాతం. దూరపు అవయవాలకు పాకాక సుమారు 30 శాతం.

రొమ్ముల ఆకృతి మారుస్తామనీ, క్యాన్సర్ నయం చేస్తామనీ ఏ మందుకైనా, మంత్రానికైనా ప్రకటన ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులున్నాయి. 2022 మేలో టాటా ట్రస్టుల చేయూతతో నెలకొన్న క్యాన్సర్ ఆసుపత్రీ ఉంది. గడ్డ తగిలితే వెళ్లాల్సింది అక్కడికి. అది మామూలు గడ్డేనని వైద్యులు తేల్చాక, ఒళ్లు నొప్పులకు మర్దన చేయించుకుంటే తప్పు లేదు.