పాత పిస్తోలు, కొత్త నగిషీ

తెలుగు పాఠాలు చెప్పుకునే వాడికి పిస్తోళ్ల గొడవ ఎందుకని మీరడగవచ్చు. మా ఆవిడా అదే అడిగింది. తప్పు నాది కాదు, మా పాత శిష్యుడిది. పదిహేనేళ్ల కిందట నా తరగతిలో వెనక బెంచీ మీద కునుకుతీసిన ఆ మహానుభావుడు ఇప్పుడు అమెరికాలో, కనెటికట్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న సెలవుకి వచ్చి మా ఇంటికి భోజనానికి వచ్చాడు. మాటల్లో తేలిందేమిటంటే, వాడు పాత పిస్తోళ్లు పోగుచేస్తున్నాడు. అవీ ఇవీ కావు. లీవరుతో పనిచేసేవి, నగిషీ చెక్కినవి!

"కాలుస్తావుటోయ్?" అన్నాను, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని.

"అయ్యో, లేదు మాష్టారూ. చూసుకోవడానికే" అని ఫోనులో బొమ్మలు చూపించాడు. ఇనుప చట్రం మీద లతలు, మెలికలు. పట్టుచీర అంచులా ఉంది.

"ఇంత అందం ఇలాంటి వస్తువు మీదా?" అంది మా ఆవిడ.

"దీని మూలపురుషుణ్ణి మీరెరుగుదురండీ. మీ గాజులకి వేలాడుతున్నది ఆయనదే" అన్నాడు.

మా ఆవిడ చెయ్యి చూసుకుంది. ఉన్నది పిన్నీసు.

నిజమేనట. న్యూయార్కులో వాల్టర్ హంట్ అనే ఆయన 1849లో పిన్నీసుకు పేటెంటు పుచ్చుకున్నాడు. 15 డాలర్ల అప్పు తీర్చడానికి దాని హక్కులు 400 డాలర్లకు అమ్ముకున్నాడని చెబుతారు. అదే ఏడు, మాటిమాటికీ మందు కూరనక్కర లేకుండా వరసగా పేలే తుపాకికి కూడా పేటెంటు సంపాదించాడు. పాపం, ఆ తుపాకీ ఆయనకు కలిసిరాలేదు.

ఆ దారినే హొరేస్ స్మిత్, డేనియల్ వెస్సన్ అనే ఇద్దరు 1854లో లీవరు పిస్తోలుకు పేటెంటు తీసుకుని కనెటికట్‌లోనే తయారుచేశారు. పేలే గొట్టం కింద మరో గొట్టం; అందులో గుండ్లు రేషను వరసలో జనంలా ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. పిడి ముందున్న ఉంగరంలో వేలు దూర్చి లీవరును ముందుకు తోసి వెనక్కి లాగితే ఒక గుండు పైకి లేచి తన చోటు చేరుతుంది. మంచి ఉపాయమే. అయితే గుండు వెనక తొలిచిన బోలులోనే మందు కూరేవారు. ఆ కాస్త చోట ఎంత మందు పడుతుంది? దెబ్బలో బలం లేదు, ఒక్కోసారి పేలనే పేలదు.

1855లో వాల్కానిక్ అనే పేరుతో కంపెనీ పెట్టారు. పేరులో అగ్నిపర్వతముంది కాని పెట్టెలో డబ్బు లేదు. 1857లో దివాలా తీసింది. ఆస్తిని చేజిక్కించుకున్నవాడు ఆలివర్ వించెస్టర్ అనే చొక్కాల వ్యాపారి. ఆయన దగ్గర పనిచేసిన టైలర్ హెన్రీ, లోహపు డొక్కున్న తూటాతో పేలే రైఫిలు తయారుచేసి 1860లో పేటెంటు పొందాడు. దానితో లీవరు జాతకం తిరిగింది. కాని ఆ భాగ్యం రైఫిలుకే దక్కింది. పిస్తోళ్ల లోకం రివాల్వరు వైపు పోయింది. అందుకే ఆ కొద్ది ఏళ్ల లీవరు పిస్తోళ్లు ఇవాళ అపురూపం.

"అపురూపమైన చోట దొంగవేషాలూ ఉంటాయి మాష్టారూ" అన్నాడు శిష్యుడు. "స్మిత్, వెస్సన్‌ల ఇనుప పిస్తోళ్ల మీద నగిషీ మామూలే. తరవాతి వాల్కానిక్‌వి ఇత్తడి చట్రాలు; చాలావరకు సాదావి. నగిషీ ఉన్నది దొరికితే ధర ఎక్కువ. అందుకని సాదా పిస్తోలు మీద ఇప్పుడు నగిషీ చెక్కి అమ్ముతారు. మొదట్లో నేనూ ఒకటి కొని మోసపోయాను."

"ఎలా తెలుస్తుంది?"

"భూతద్దం పెట్టి చూడాలి. వస్తువంతా అరిగి, గీతలు మాత్రం నిన్న చెక్కినంత పదునుగా ఉంటే అనుమానించాలి. పాత దెబ్బ తగిలిన గుంట లోపలికి కూడా గీత దిగితే, దెబ్బ ముందు, గీత తరవాత. వయసుతో వచ్చిన రంగు గీతల్లోకీ దిగి ఉండాలి. మీరే చెప్పేవారు కదా, ప్రక్షిప్త పద్యం నడకలో దొరికిపోతుందని!"

"నువ్వు నిద్రపోలేదుటోయ్?"

"ఆ ఒక్కరోజూ పోలేదండి. డబ్బు పోయిందని కాదు నా బాధ. చెక్కకపోతే అది నిజమైన సాదా పిస్తోలుగా మిగిలేది. చెక్కాక అటూ కాలేదు, ఇటూ కాలేదు."

ఇంతలో మా ఆవిడ మంచినీళ్లు తెచ్చింది, మా అమ్మ ఇత్తడి చెంబుతో. దాని మీద అమ్మ పేరుంది. ఎప్పుడో మా ఊరి కంచరి చుక్కలు చుక్కలుగా పొడిచాడు. పొడుస్తూ ఒక దీర్ఘం మింగేశాడు. "నా దీర్ఘం కంచరి పొట్టలో ఉంది" అని అమ్మ చెంబు తోమినప్పుడల్లా నవ్వేది. ఏళ్ల తరబడి చింతపండు రుద్దుడుకి అక్షరాలు మసకబారాయి. అమ్మ పోయాక, నిరుడు, నేను బజారుకి తీసుకుపోయి ఆ పేరంతా అరగదీయించి కొత్తగా చెక్కించాను. తెలుగు ఎమ్మే చదివినవాణ్ణి గనక దీర్ఘం కూడా దిద్దించాను.

శిష్యుడు నీళ్లు తాగి, అలవాటు కొద్దీ చెంబు వెలుతురుకి తిప్పి చూశాడు.

"చెంబు పాతదే మాష్టారూ. పేరు మాత్రం కొత్తది" అన్నాడు.

"అవునోయ్. ప్రక్షిప్తం."

"చేసిందెవరు?"

"నేనే" అన్నాను.

మా ఆవిడ మాట్లాడకుండా చెంబు అందుకుని లోపలికి వెళ్లింది. దీర్ఘం ఉంది. అమ్మ నవ్వుకే చోటు లేదు.