మంచం కింద పొయ్యి

ప్రియ సహోదరీ, గజ్వేల్ దగ్గరి పల్లెలో మీరు అప్పడాల పని మొదలుపెడితే, "నీతో అయితదా?" అని అయినవారే అంటున్నారా? నిరుత్సాహపడకండి.

1959 మార్చి 15న బొంబాయిలో 7గురు గృహిణులు 80 రూపాయల అప్పుతో డాబా మీద అప్పడాలు చేశారు. తొలిరోజు తయారైనవి 4 ప్యాకెట్లే. వానాకాలంలో అప్పడాలు ఎండక 4 నెలలు పని నిలిచిపోయింది. మరుసటి ఏడు ఒక మంచం, ఒక పొయ్యి కొన్నారు. మంచంపై అప్పడాలు పరచి, కింద పొయ్యి వెలిగించి ఆరబెట్టారు. నష్టమొచ్చినా ఎవరినీ చందా అడగలేదు. అదే నేటి లిజ్జత్ సంస్థ.

నెహెమ్యా కట్టే గోడ నక్క ఎక్కినా పడిపోతుందని టోబీయా హేళన చేశాడు. నెహెమ్యా ప్రార్థించి, పని సాగించి, 52 దినములలో గోడ ముగించాడు.

కనుక సహోదరీ, ఎగతాళికి జవాబు వెదకకండి. వచ్చే వానకు మీ మంచం, మీ పొయ్యి ఏవో వెదకండి.