కాదనలేని పిలుపు

పిల్లలూ! ఒక చీటీ తీసుకుని దానికి రెండు వైపులా "తిరగేసి చూడు" అని రాయండి. చెప్పిన మాట జవదాటని కుర్రవాడి చేతికి దాన్ని ఇచ్చారనుకోండి. వాడు తిరగేస్తాడు, చదువుతాడు, మళ్ళీ తిరగేస్తాడు. సాయంత్రమైనా వాడి పని తెమలదు. పాపం, వాడు సోమరి కాడు. క్షణం తీరిక లేకుండా పని చేస్తూనే ఉన్నాడు!

కంప్యూటరు బిగుసుకుపోయిందని పెద్దలు అంటూ ఉంటారు గదా! తెర మీది బొమ్మ కదలదు. మీటలు నొక్కితే పలకదు. చాలాసార్లు అప్పుడు లోపల జరిగేది ఈ చీటీ కథే. కంప్యూటరులో ఆదేశాలను ఒకదాని తరవాత ఒకటిగా అమలు జరిపే భాగాన్ని ప్రాసెసరు అంటారు. ఆ ఆదేశాలు రాసినవారు ఎక్కడో పొరబడితే, ప్రాసెసరు సెకనుకు లక్షల ఆదేశాలు నడుపుతూ కూడా ఒక్క చోటనే గిరగిర తిరుగుతూ ఉంటుంది.

మరి పనిలో మునిగి ఉన్న ప్రాసెసరును పిలవటం ఎలా? తరగతిలో పాఠం జరుగుతూండగా బంట్రోతు నోటీసు తెస్తాడు. మాస్టారు పాఠం ఆపి, పుస్తకంలో గుర్తు పెట్టుకుని, నోటీసు చదివి సంతకం చేసి, ఆగిన చోటి నుంచే మళ్ళీ పాఠం అందుకుంటారు. కంప్యూటరులోనూ ఇటువంటి ఏర్పాటే ఉన్నది. దాని పేరు ఇంటరప్ట్, అనగా పని మధ్యలో వచ్చే పిలుపు. మీరు కీబోర్డు మీద అక్షరం నొక్కగానే అటువంటి పిలుపు వెళుతుంది. ప్రాసెసరు తాను ఎక్కడ ఆగిందో గుర్తు రాసుకుని, ఆ అక్షరం అందుకుని, తిరిగి తన పనికి వస్తుంది.

అయితే ముఖ్యమైన పని ఉన్నప్పుడు ప్రాసెసరు ఈ పిలుపులను కొంతసేపు ఆపి ఉంచగలదు. ఆ స్థితిలోనే అది చిక్కుకుపోతే, కీబోర్డు ఎంత కొట్టినా దానికి వినపడదు. అందుకని కాదనటానికి వీల్లేని పిలుపు కూడా ఒకటి ఉంచారు. పరీక్ష జరిగే గదిలోకి నోటీసు రానివ్వరు. కాని బడికి నిప్పంటుకున్నదని గంట కొడితే, పరీక్ష అయినా ఆగవలసిందే గదా!

1984 జనవరిలో అమెరికాలో ఆపిల్ కంపెనీవారు మాకింటోష్ అనే కంప్యూటరును విడుదల చేశారు. అందులో ఉన్నది మోటరోలా 68000 అనే ప్రాసెసరు. దానికి వచ్చే పిలుపుల్లో 7 తరగతులున్నాయి. 7వ తరగతి పిలుపును కాదనటం దాని తరం కాదు.

ఆ కంప్యూటరుతోబాటు చిన్న ప్లాస్టిక్ ముక్క ఒకటి ఇచ్చేవారు. దాని పేరు ప్రోగ్రామర్స్ స్విచ్. కావలసినవారు దాన్ని పెట్టెకు ఎడమపక్కన, వెనకగా ఉన్న గాలి సందుల్లో బిగించుకోవాలి. దానికి రెండు మీటలు. ముందున్న మీట నొక్కితే యంత్రం మళ్ళీ మొదటి నుంచి బయలుదేరుతుంది. అప్పటిదాకా డిస్కు మీద దాచుకోని పని అంతా పోతుంది. వెనకనున్న మీట నొక్కితే 7వ తరగతి పిలుపు వెళుతుంది.

తప్పులు వెతికే మాక్స్‌బగ్ అనే ప్రోగ్రామును యంత్రంలో ముందుగా ఉంచుకున్నట్లయితే, ఆ పిలుపుతో అది తెర మీదికి వస్తుంది. ప్రాసెసరు ఏ ఆదేశం దగ్గర ఆగిందో, దాని లోపలి గడుల్లో ఏ అంకెలున్నాయో చూపుతుంది. చూడటం అయిపోయాక, జి అనే ఇంగ్లీషు అక్షరం కొట్టి, ఆగిన చోటి నుంచి పనిని సాగనివ్వవచ్చు కూడా.

ఈ రెండు మీటలకూ ఉన్న తేడా గమనించారా? మన కుర్రవాడి చేతిలోని చీటీ లాక్కుని చింపేస్తే వాడు ఆగుతాడు. కాని చీటీలో ఏమున్నదో ఎవరికీ తెలియదు. రేపు అటువంటిదే ఇంకో చీటీ వస్తే మళ్ళీ అదే గతి. భుజం తట్టి, "ఏం చదువుతున్నావురా?" అని అడిగితే తప్పు బయటపడుతుంది. ముందు మీట చీటీని చింపేస్తుంది. వెనక మీట భుజం తడుతుంది.

ఈ తేడా చిన్నదేమీ కాదు. ఒక ఆస్పత్రిలో పేర్లు నమోదు చేసే పెద్ద కంప్యూటరు నిలిచిపోయిందనుకోండి. రోగులు వరసలో నిలబడి ఉంటారు. ఆపి మళ్ళీ నడిపితే అప్పటికి గండం గడుస్తుంది. కారణం తెలియకపోతే మాత్రం మర్నాడు మళ్ళీ నిలిచిపోవచ్చు. అందుకే ఈనాటికీ కొన్ని సర్వర్లకు ఇటువంటి పిలుపు మీట ఉంటుంది. తగిన ఏర్పాటు ముందుగా చేసి ఉంచితే, మీట నొక్కగానే యంత్రం తన జ్ఞాపకంలో ఉన్నదంతా డిస్కు మీదికి ఎక్కించి, తరవాత మళ్ళీ బయలుదేరుతుంది. ఇంజనీర్లు దాన్ని తీరికగా పరిశీలించి తప్పు పట్టుకుంటారు.

ఇళ్ళలో ఉండే కంప్యూటర్లకు సాధారణంగా ఈ మీట ఉండదు. వాటి పవర్ మీటను కొన్ని సెకన్లు గట్టిగా నొక్కి పట్టుకోవటం చీటీని చింపటంవంటిదే. అది తప్పనిసరి అయినప్పుడు, అంతకు ముందు మీరు ఏమి చేస్తున్నారో, తెర మీద ఏ మాటలు కనిపించాయో ఒక కాగితం మీద రాసుకోండి. బాగుచేసే వ్యక్తి వచ్చినప్పుడు అన్నిటికన్నా ముందు అడిగేది అదే!