పీఏ చదువంటే చిన్నచూపు మానుకుందాం
అమెరికాలోని తెలుగు తల్లిదండ్రులకు, డాక్టర్లకు, సంఘాల పెద్దలకు విజ్ఞప్తి

"మీవాడు మెడిసినా?" అని గుళ్లో ఎవరైనా అడిగితే, "లేదండీ, పీఏకి అప్లై చేస్తున్నాడు" అని గొంతు తగ్గించి చెప్పేవాళ్లు మనలో తక్కువేం కాదు. "ఎంక్యాట్ సరిగా రాలేదు, అందుకని..." అంటూ అడక్కుండానే సంజాయిషీ కూడా ఇస్తాం. పక్కనే నిలబడ్డ పిల్లవాడు అది వింటాడు. కొన్నాళ్లకు పీఏ (ఫిజీషియన్ అసిస్టెంట్) స్కూలు ఇంటర్వ్యూలో అతనికి తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఏమిటో తెలుసా? "డాక్టర్ ఎందుకు కాకూడదు? పీఏనే ఎందుకు?" ఇంట్లో విన్న జవాబు అక్కడ నోటికొచ్చిందా, ఆ సీటు మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకే ఈ కరపత్రం పిల్లలకు కాదు, మనకు.

ఇది ఎవరో పారేసిన చదువు కాదు. 1965లో డ్యూక్ యూనివర్సిటీలో డాక్టర్ యూజీన్ స్టెడ్, నేవీలో వైద్యసేవ చేసి వచ్చిన నలుగురితో దీన్ని మొదలుపెట్టారు. ఇవాళ గుర్తింపు ఉన్న ప్రోగ్రాములు 300 దాటాయి. డిగ్రీ తర్వాత రమారమి 27 నెలల మాస్టర్స్, ఆపైన 300 ప్రశ్నల ప్యాన్స్ పరీక్ష, రాష్ట్ర లైసెన్స్. పీఏలు రోగిని పరీక్షిస్తారు, జబ్బేమిటో తేలుస్తారు, 50 రాష్ట్రాల్లోనూ మందులు రాస్తారు. గుండె జబ్బుల విభాగం నుంచి ఎమర్జెన్సీకి మారాలంటే మళ్లీ రెసిడెన్సీ చేయక్కర్లేదు. 2023 లెక్కల ప్రకారం వీళ్లలో సగంమంది ఏడాది సంపాదన 1,30,020 డాలర్లకు పైనే. అయితే ఫీజులూ తక్కువేం కాదు. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే గ్రాడ్ ప్లస్ రుణం ఉండదు కాబట్టి డబ్బు సంగతి ముందే కూర్చుని మాట్లాడుకోండి.

మార్కులతో మన పిల్లలకు ఇబ్బంది లేదు. వాళ్లు ఆగిపోయేది రోగుల దగ్గర గడిపిన గంటల దగ్గర. కొన్ని స్కూళ్లు 500 గంటలు అడిగితే కొన్ని 1,000, 2,000 కూడా అడుగుతాయి. నర్సింగ్ అసిస్టెంటుగా మంచం మీది పేషెంటును ఒత్తిగిలించి దుప్పటి మార్చడం, అంబులెన్సులో ఈఎంటీగా తిరగడం, క్లినిక్‌లో బీపీ చూడటం లాంటి పనులే ఆ గంటలు. "మా అమ్మాయి బెడ్‌పాన్లు ఎత్తడమేమిటి" అనుకునే తల్లి ఆ అమ్మాయి దారికి తానే అడ్డం పడుతోంది.

డాక్టర్లూ, ఇక్కడ మీతో పని ఉంది. ఏ ఊళ్లో చూసినా మనవాళ్ల క్లినిక్‌లు ఉన్నాయి. వాటిలో నీడలా వెంట ఉండి పని చూసే అవకాశం ఎవరికి దొరుకుతోంది? మీ స్నేహితుల పిల్లలకు, మీ కాలనీ వాళ్లకు. గ్యాస్ స్టేషన్ నడిపే కుటుంబంలోని పిల్లకు మిమ్మల్ని అడగాలన్న ధైర్యమే రాదు. మీ దగ్గర పీఏ ఉంటే వారి వెంట నెలకు ఇద్దరు పిల్లలను ఉండనివ్వండి. రోగి గోప్యత కాగితాల మీద సంతకం చేయించండి. మీ క్లినిక్ పేరు గుడి ఆఫీసులో, సంఘం కార్యదర్శి దగ్గర రాసి ఉంచండి. ఎవరి పిల్లలని అడగకండి.

ఇక ఇంటర్వ్యూ. చాలా స్కూళ్లు కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో పుట్టిన పద్ధతిని వాడుతున్నాయి. ఒక్కో గదికి ఒక్కో ప్రశ్న. చదువుకోవడానికి రెండు నిమిషాలు, జవాబుకు కొద్ది నిమిషాలు, తర్వాత ఇంకో గది. ఒక ప్రశ్న ఇలా ఉండొచ్చు: తల్లికి కేన్సరని ఆమెకు చెప్పొద్దని కొడుకు బతిమాలుతున్నాడు, మీరేం చేస్తారు? మన ఇళ్లలో ఇది ఊహించిన ప్రశ్న కాదు. అమ్మమ్మకు తెలియకుండా రిపోర్టులు దాచిన ఇళ్లు ఎన్ని లేవు? హాస్పిటల్లో డాక్టరు చెప్పింది సగం మింగేసి అమ్మమ్మకు తెలుగులో చెప్పిన మనవలు ఎంతమంది లేరు? ఆ కొడుకు భయం వాళ్లకు లోపలి నుంచి తెలుసు. ఆమె ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటోందో ఆమెనే అడగాలనీ, మనవడితో కాకుండా హాస్పిటల్ దుబాసీతో మాట్లాడించాలనీ వాళ్లు చెప్పగలగాలి. కానీ ఎవరూ అడిగి మాట్లాడించరు కాబట్టి, ఇంత అనుభవం ఉన్న పిల్ల "నాకు సేవంటే ఇష్టం" అని ఊరుకుంటుంది.

ఇంకొకటి: మీ పై డాక్టరు మందు మోతాదు తప్పు రాశారు, ఏం చేస్తారు? పెద్దలకు ఎదురు చెప్పొద్దని పెంచింది మనమే. మర్యాద తప్పకుండా "ఒక్కసారి చూస్తారా, ఇది ఎక్కువనిపిస్తోంది" అనడం కూడా మనమే అలవాటు చేయాలి.

ఇండియాలో ఎంబీబీఎస్ చేసి వచ్చిన కోడళ్లకు, అల్లుళ్లకు ఒక మాట. ఇక్కడి గుర్తింపు ఉన్న ప్రోగ్రాం చదవకుండా ప్యాన్స్ రాయనివ్వరు. మన దేశపు మార్కులను ఒప్పుకోని స్కూళ్లూ ఉన్నాయి, ముందే కనుక్కోండి. "మీరు డాక్టరు కదా, ఇంకో డాక్టరు పర్యవేక్షణలో ఇమడగలరా" అని అడుగుతారు. దానికి నిజాయితీ గల జవాబు మీ దగ్గర లేకపోతే అప్లికేషన్ డబ్బులు దండగ.

పీఏ స్కూళ్లకు ఉమ్మడిగా పెట్టే క్యాస్పా దరఖాస్తు ఏటా ఏప్రిల్ చివర్లో తెరుచుకుంటుంది. చాలా స్కూళ్లు వచ్చినవి వచ్చినట్టే చూసి సీట్లు నింపుతాయి కాబట్టి చివరి తేదీ దాకా ఆగొద్దు. ఉగాది వేడుక జరిగే హాల్లోనే ఒక గది తీసుకుని, పిల్లలు రాసుకున్న 5,000 అక్షరాల వ్యాసాన్ని చదివి చెప్పే నలుగురిని కూర్చోబెట్టమని సంఘాలను కోరుతున్నాం. వేసవిలో రెండు శనివారాలు నమూనా ఇంటర్వ్యూలకు కేటాయించండి. ఇంకో కోచింగ్ సెంటర్ పెట్టమనడం లేదు. బట్టీ పట్టిన జవాబును కమిటీ ఇట్టే కనిపెడుతుంది. అడిగేవాళ్లలో పనిచేస్తున్న పీఏ ఒకరు, నర్సు ఒకరు, తెలుగు రానివాళ్లు ఒకరు ఉండాలి. తల్లిదండ్రులు మాత్రం ఆ గదిలో ఉండకూడదు. బయట కాఫీ ఉంటుంది.