వాని పని వానిదే

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో తెరుచుకుంది. అప్పటి నుంచి కొండాపూర్, గచ్చిబౌలి దారుల్లో ఏదో ఒక మూల సెంట్రింగ్ కట్టెలు నిలబడే ఉంటున్నాయి. వాటి పక్కనే పాలమూరు, నల్లగొండ తండాల నుంచి వచ్చిన లంబాడా కుటుంబాల రేకుల గుడిసెలు. మొన్న అలాంటి చోటే ఒక నాలుగేళ్ల పిల్లాణ్ని చూశాను. పెయింట్ డబ్బా మూతను నేలమీద గిర్రున తిప్పుతున్నాడు. ఆగితే మళ్లీ తిప్పుతున్నాడు. కాంక్రీట్ మిక్సర్ మోత మొదలవగానే రెండు చెవులూ గట్టిగా మూసుకున్నాడు. పేరు పెట్టి పిలిస్తే తలెత్తలేదు.

"మాటలు వచ్చాయా?" అని తల్లిని అడిగాను.

"వాళ్ల నాయనకు గూడ లేటుగనే వచ్చినయంట మేడం. వాడంతే. వాని పని వానిదే" అంటూ ఇటుకలు నెత్తికెత్తుకుంది.

అది ఆటిజమే అని చెప్పడానికి నేను డాక్టర్ని కాదు. చెప్పగలిగినవాళ్ల దగ్గరికి ఆ పిల్లాడు ఎలా చేరతాడన్నదే నా దిగులు. రోడ్డు దాటితే థెరపీ సెంటర్ల బోర్డులు బోలెడు. అపార్ట్‌మెంట్లలో బిడ్డకు రెండేళ్లకు మాట రాకపోతే తల్లిదండ్రులు పరుగు తీస్తారు. గుడిసెలో మాత్రం దిష్టి తీస్తారు, తాయెత్తు కడతారు, ఎదురుచూస్తారు. (దిష్టి అపార్ట్‌మెంట్లలోనూ తీస్తారు లెండి!) 2018లో వెలువడిన ఒక అధ్యయనం హైదరాబాద్‌తో కలిపి దేశంలో అయిదు చోట్ల దాదాపు 4 వేల మంది పిల్లల్ని పరీక్షించింది. నూటికి ఒకరి దరిదాపుల్లో ఆటిజం కనిపించింది. ఈ లెక్కన తండాల పిల్లలకు మాత్రం మినహాయింపు ఎందుకుంటుంది?

సర్కారు దారి లేకపోలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు వెళ్లి పిల్లల్ని చూడాలి. చూడాల్సిన వాటిలో ఆటిజమూ ఉంది. కానీ ఈ పిల్లాడి పేరు తండా అంగన్‌వాడీలో ఉంటుంది, పిల్లాడు ఇక్కడ ఉంటాడు. స్లాబులు పూర్తయితే ఇక్కడా ఉండడు.

భాష ఇంకో చిక్కు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థే మన దేశపు ఆటిజం కొలమానం 'ఇసా'ను తయారుచేసింది. అందులో 40 అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు మార్కులు. మొత్తం 70కి చేరితే ఆటిజం ఉన్నట్టు. వాటిలో తొమ్మిది మాటకు సంబంధించినవే. ఇంట్లో లంబాడీ, సైట్‌లో తెలుగు, మేస్త్రీ నోట హిందీ. 'అమ్మ ఏది?' అంటే పలకని పిల్లాడు 'యాడి' అంటే పలుకుతాడేమో! ఆ భాష తెలిసినవాళ్లు ఎదురుగా లేకపోతే రెండు రకాలుగా పొరపాటు జరగొచ్చు. లేని ఆటిజం అంటగట్టొచ్చు. లేదా 'భాష రాక అలా ఉన్నాడులే' అని ఉన్నదాన్ని వదిలేయొచ్చు. ఉట్నూరు గోండు పిల్లలకైనా, భద్రాచలం కోయ పిల్లలకైనా ఇదే తిప్పలు.

చట్టమూ ఆలస్యంగానే కళ్లు తెరిచింది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం అన్న మాటే లేదు. 2016 చట్టంతోనే ఆ జాబితాలోకి ఎక్కింది. అంతకుముందు ఎందరు పిల్లలు 'బుద్ధిమాంద్యం' ఖాతాలో కలిసిపోయారో!

న్యూజిలాండ్ మావోరీలకూ ఆటిజానికి సొంత మాట ఉండేది కాదు. 2017లో కేరీ ఓపాయ్ అనే భాషావేత్త 'తకివాతంగ' అనే మాట కూర్చారు. తన సొంత కాలంలో, తన సొంత చోటులో ఉండటం అని దాని భావం. ఇటుకలు మోస్తున్న ఆ తల్లి చెప్పిందీ దాదాపు అదే కదా. కాకపోతే అక్కడ ఆ మాట వైద్యుల దాకా వెళ్లింది.

మనోవికాస్ నగర్ సంగతి ఆమెకు చెప్పాను. "ఒక్కనాడు పోతే అయిపోతదా, మళ్ల మళ్ల రమ్మంటరా?" అని అడిగింది. మళ్లీ మళ్లీ వెళ్లాల్సిందే. వెళ్లిన ప్రతిసారీ ఇద్దరి కూలీ పోతుంది. ఏం చెప్పాలో తోచక, వచ్చే వారం నేనే తీసుకెళ్తానన్నాను.

వారం తర్వాత వెళ్లేసరికి రేకులు విప్పేసి ఉన్నాయి. వాచ్‌మన్‌ని అడిగాను. "కోకాపేట సైట్‌కు పోయిన్రంటున్నరు. ఏ సైటో తెల్వదు మేడం" అన్నాడు.