ప్రజాధనముతో పుట్టిన పాఠము

ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ప్రాంగణమందలి యొక చిన్న జిరాక్సు దుకాణముపై ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణసంస్థలు 2012లో వేసిన వ్యాజ్యము, ఉన్నతవిద్య యెవరి సొత్తను ప్రశ్నను న్యాయస్థానము నెదుట సూటిగా నిలిపినది. ఆచార్యులు నిర్దేశించిన పాఠ్యప్రణాళికను బట్టి పలు గ్రంథములనుండి కొన్ని కొన్ని అధ్యాయములకు ప్రతులు తీసి, ఒక్క సంపుటముగా బైండుచేసి, విద్యార్థులకు చౌకగా అమ్ముటయే ఆ దుకాణము చేసిన నేరము. హాస్టలు బిల్లు కట్టుటకే చేతులు తడుముకొను విద్యార్థి ఆ గ్రంథములన్నియు కొనగలడా? 2016 సెప్టెంబరు 16న ఢిల్లీ హైకోర్టు ఆ వ్యాజ్యమును కొట్టివైచినది. డిసెంబరులో ద్విసభ్య ధర్మాసనము కొన్ని విషయములను తిరిగి విచారణకు పంపినను, బోధన కవసరమైనంత మేరకు ప్రతులు తీయుటకు 1957 నాటి కాపీరైటు చట్టము అడ్డురాదను సూత్రమును నిలిపినది. మరుసటి యేట ప్రచురణకర్తలే వ్యాజ్యమును విరమించుకొనిరి.

పరుల గ్రంథముల విషయముననే చట్టము ఇంత ఔదార్యము చూపగా, మన ప్రభుత్వ విశ్వవిద్యాలయములు తమ సొంత బోధనను నాలుగు గోడల నడుమ బంధించి యుంచుట మాకెంతమాత్రమును సమ్మతము గాదు. అధ్యాపకుని జీతము, ప్రయోగశాల, గ్రంథాలయము సమస్తమును ప్రజలు కట్టిన పన్నులతో నడచుచుండగా, పాఠము మాత్రము ఆ యేడు ఆ తరగతిలో సీటు దొరకిన వారికే దక్కవలయునా? 2003లో ఐ.ఐ.టి.లును, బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థయు కలిసి ఆరంభించిన ఎన్‌.పి.టి.ఇ.ఎల్‌. మూలమున, ఆ సంస్థల గడప తొక్కని పల్లెటూరి ఇంజనీరింగు విద్యార్థి సైతము వాటి ఆచార్యుల పాఠములను ఇంట కూర్చుండి వినుచున్నాడు. దేశమున తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదుననే వెలసినదన్న సంగతి యెరిగిన తెలుగువారికి ఈ భావము క్రొత్తది కానేకాదు.

ఏండ్లతరబడి శ్రమించి వ్రాసికొన్న నోట్సును పదుగురి ముందుంచినచో ఎవరో తమ పేరు తగిలించుకొందురని అధ్యాపకులు భయపడుదురు. ఆ భయము సహేతుకమే. కర్త పేరు విధిగా పేర్కొనవలెనను షరతుతో అనుమతి నిచ్చు పద్ధతి యున్నది. పదోన్నతి వేళ పరిశోధనపత్రములతోపాటు ఇట్టి పాఠములను కూడ లెక్కింపవలెను. మరుగున దాచిన పాఠమున కలుగు కీడు వేరొకటి గలదు: పసుపువారిన కాగితములనుండి తప్పును తప్పుగానే యేటేట డిక్టేటు చేయుచున్నను అడుగువాడుండడు. తోటి యుపాధ్యాయుడు చూచినప్పుడే గదా దిద్దుబాటునకు వీలు! పార్వతీపురమున థర్మోడైనమిక్సు చెప్పు లెక్చరరు, వరంగల్లులో నొకరు చక్కని తెలుగున సిద్ధపరచిన పాఠమే యున్నదని తెలియక, మరల మొదటినుండి వ్రాసికొనుట యెంత వృథా!

పరిశోధకుల సిద్ధాంతగ్రంథములను శోధగంగ యను అంతర్జాల భాండాగారములో నుంచుటకు 2009లో యు.జి.సి. నియమము చేసినట్లే, ఉభయ తెలుగు రాష్ట్రముల ఉన్నతవిద్యామండలులు తరగతి పాఠముల విషయమునను నియమము చేయవలెను. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథములలో అచ్చున లభింపనివాటి నన్నిటిని తక్షణము అందరికి ఉచితముగా నందింపవలెను. ఇందుకు కొత్త భవనములు, కొత్త కమిటీలు అక్కరలేదు. వచ్చు విద్యాసంవత్సరపు ఉత్తర్వులలో ఒక్క పేరా చాలును.