ఈ కారు ఎవరిది?

మొన్న సంక్రాంతికి తొమ్మిదేళ్ల పాత జర్మన్ సెడాన్‌లో మా ఊరికి వెళ్లాను. టీ కొట్టు దగ్గర ఆపగానే, మా నాన్న ఒకప్పుడు పాలేరుగా చేసిన ఇంటి పెద్దాయన వచ్చి బానెట్ మీద చెయ్యేసి అడిగాడు: "ఎవరి దగ్గర డ్రైవర్‌గా చేస్తున్నావురా?" నాదేనని చెప్పాను. కాసేపాగి, "మీకేంరా, రిజర్వేషన్లున్నాయిగా" అన్నాడు.

దళితుడు కారు నడుపుతుంటే అది పరాయివాడిది అయ్యుండాలి. సొంతమైతే ఎవరో పెట్టిన భిక్ష అయ్యుండాలి. కష్టపడి కొనుక్కున్నాడనే మూడో ఆలోచన ఆ బుర్రలోకి రాదు.

ఇది కొత్త రోగం కాదు. 1929లో చాలీస్‌గావ్‌లో బాబాసాహెబ్‌ను ఎక్కించుకుని టాంగా తోలడానికి టాంగావాలాలు ఒప్పుకోలేదు. బండి అద్దెకిస్తాం, తోలం అన్నారు. ఎన్నడూ టాంగా తోలని మహర్ ఒకరు పగ్గాలు పట్టారు. కల్వర్టు మీద ప్రమాదం జరిగి బాబాసాహెబ్ కాలు విరిగింది. అప్పటికే ఆయన బారిస్టర్. చదువు, హోదా ఏవీ టాంగావాడి కులం ముందు నిలబడలేదు.

ఆ బుద్ధి పోలేదు కాబట్టే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణలో, దళితులు సైకిల్, మోటార్ సైకిల్ ఎక్కకుండా, పెళ్లి ఊరేగింపులో గుర్రం గానీ మరే వాహనం గానీ ఎక్కకుండా అడ్డుకోవడం నేరమని ప్రత్యేకంగా రాయాల్సి వచ్చింది. అది అమల్లోకి వచ్చింది 2016 జనవరి 26న. గణతంత్రం వచ్చిన 66 ఏళ్లకు సైకిల్ తొక్కే హక్కును చట్టంలో రాసుకున్న దేశం మనది.

అందుకే మనవాళ్లు మంచి కారు కొంటే నాకు సంతోషం. సూటు వేసుకున్న అంబేడ్కర్ బొమ్మను గోడకు పెట్టుకున్నవాళ్లం, మంచి వస్తువును చూసి సిగ్గుపడాల్సిన పని లేదు. అయితే మన కుర్రాళ్లకు ఒక మాట చెప్పాలి. ఆత్మగౌరవం వేరు, ఈఎంఐ వేరు.

పాత లగ్జరీ కారు ధర పడిపోతుంది గానీ దాని విడిభాగాల ధర పడిపోదు. అరకోటి కారు పది లక్షలకు దొరికినా, బాగుచేయించే ఖర్చు అరకోటి కారుదే. నా కారు గేర్‌బాక్స్ మూడో నెలలోనే మొరాయించింది. రెండు నెలల జీతం పోయింది. పెద్దాయన కొడుకు కారు పాడైతే వెనక పొలం ఉంది. నా కారు పాడైతే వెనక ఉన్నది చెల్లెలి కాలేజీ ఫీజు. తేడా కారులో లేదు, తరాల ఆస్తిలో ఉంది.

ఢిల్లీ పరిసరాల్లో పాత డీజిల్, పెట్రోల్ కార్ల మీద ఉన్న ఆంక్షల వల్ల అక్కడి బండ్లు చౌకగా వస్తున్నాయి. వాటికి ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ టాక్స్ కట్టాలి. సర్వీస్ రికార్డు లేని బండి, మనకు నమ్మకమున్న మెకానిక్ చూడని బండి కొనొద్దు. ఆర్సీ వెంటనే మన పేరుకు మార్చుకోవాలి. ప్రమాదం జరిగితే రికార్డులో ఎవరి పేరుంటే వారే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. పరాయివాడి పేరు మీద బండి తిప్పడం మనకు గౌరవమూ కాదు, భద్రతా కాదు.

ఇలాంటి కార్లనే చూపించి రేపు 'మీరు ఎదిగారు కదా' అంటారు. ఎస్సీల్లోనూ క్రీమీలేయర్‌ను గుర్తించాలని 2024 ఆగస్టులో వర్గీకరణ కేసులో నలుగురు సుప్రీంకోర్టు న్యాయమూర్తులు అభిప్రాయపడ్డారు. చర్చ జరగనీయండి. కానీ కారు ఎక్కినవాడి కులం పోయిందనుకునేవారు, అదే కారులో హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతుక్కుంటూ ఒక ఆదివారం తిరిగి చూడాలి. కారు రంగు చూసి గేటు తీస్తారు, ఇంటిపేరు విని మూసేస్తారు.

ఆ సాయంత్రం నాన్నను ముందు సీట్లో కూర్చోబెట్టాను. "పెద్ద వీధిలోంచి మెల్లగా పోనివ్వరా" అన్నాడు. ఒకప్పుడు ఆ వీధిలో ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాడు. పెద్దాయన అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. నాన్న అద్దం దించి పలకరించాడు.

ఈ కారు ఎవరిదని మళ్లీ ఎవరైనా అడిగితే నా జవాబు ఒక్కటే. కారు నాది. దాని అప్పు కూడా నాదే.